మోడల్ లేఅవుట్‌లో 70 సెంటీమీటర్ల వాగు మీద గర్డర్ వంతెన: సొంతంగా ఎలా కట్టుకోవాలి?

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. మీది హెచ్‌ఓ లేఅవుట్, అంటే అసలు రైల్వేని 1:87 నిష్పత్తికి తగ్గించి కట్టిన మోడల్ రైలు దారి. ఒక వైపు 70 సెం.మీ. వెడల్పున వాగు వదిలారు. దాని మీద రాజమండ్రి హేవలాక్ వంతెన లాంటిది, కిట్ కొనకుండా, షీట్లు కోసి మీరే కట్టాలనుకుంటున్నారు. ఏ సామాను వాడాలి, రివెట్లు ఎలా తేవాలి, ఇంజను బరువు ఆగుతుందా అని అడిగారు. బరువు సంగతికి ఒక్క మాట చాలు: ఆగుతుంది. అర కిలో ఇంజనుకి మిల్లీమీటరు మందం ప్లాస్టిక్ గర్డర్ (దూలం) జత ఎక్కువే. మోడల్ వంతెనలు బరువుకి విరగవు, మెలి తిరిగి పాడవుతాయి. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను.

ముందు హేవలాక్ గురించి. 1897లో పని మొదలై 1900లో రైళ్లు నడిచిన వంతెన అది. 1997 దాకా సేవ చేసింది. ఒక్కోటి 45.7 మీటర్ల చొప్పున 56 స్పాన్లు, అంటే స్తంభానికీ స్తంభానికీ మధ్య భాగాలు, మొత్తం పొడవు 2.7 కిలోమీటర్ల పైమాటే. 1:87లో పూర్తిగా కడితే 31 మీటర్లు దాటుతుంది. ఒక్క స్పానే 525 మి.మీ. మీ వాగులో ఒకటి పడుతుంది, కానీ ఒక్క స్పాన్ నిలబెడితే హేవలాక్ అనిపించదు. గోదావరి మీద దాని అందమంతా ఒకదాని వెనక ఒకటిగా కనుచూపు మేర సాగిపోయే వరసలో ఉంది. పైగా అది జాలీ గర్డర్. వందల కొద్దీ చిన్న ముక్కలు, ప్రతి కీలు దగ్గరా వాటిని కలిపి పట్టే గసెట్ ప్లేట్లు. మొదటి వంతెనగా దాన్ని ఎత్తుకోవద్దని గట్టిగా చెబుతాను.

మీ వాగుకి సరిపోయేది డెక్ ప్లేట్ గర్డర్. రెండు నిండు దూలాలు, వాటి మీద స్లీపర్లు, ఆ మీద పట్టాలు. మన రైల్వేలో ఈ రకం వంతెనకి ప్రామాణిక స్పాన్లు 12.2, 18.3, 24.4 మీటర్లు, అంటే పాత లెక్కలో 40, 60, 80 అడుగులు. తెలుగు నేల మీద వాగులూ కాలవలూ దాటే రైలు వంతెనల్లో ఇవి ఎన్ని ఉన్నాయో కిటికీ పక్కన కూర్చున్న ఎవరికైనా తెలుసు. రామేశ్వరం దగ్గరి పాంబన్ పాత వంతెనలో ఓడలకి తెరుచుకునే భాగం పోగా మిగతాదంతా 12.2 మీటర్ల ప్లేట్ గర్డర్ల వరసే. 1964 తుపానులో వాటిలో చాలా గర్డర్లు కొట్టుకుపోయాయి. రైల్వే ఇంజనీరు శ్రీధరన్ గారి ఆధ్వర్యంలో సముద్రంలో పడ్డవాటిని వెతికి పైకి తీసి, 46 రోజుల్లో వంతెనని మళ్లీ నిలబెట్టారు. ఈ కథ మోడల్ కట్టేవాళ్లకి పనికొచ్చేది ఎందుకంటే, ప్లేట్ గర్డర్ వంతెనలో ప్రతి స్పానూ విడి వస్తువు. ఎత్తవచ్చు, దించవచ్చు, మార్చవచ్చు. మీరూ మూడు స్పాన్లని మూడు విడి వస్తువులుగానే చేయండి. బల్ల మీద కూర్చుని హాయిగా చేసుకోవచ్చు, పాడైనది ఒక్కటే మార్చుకోవచ్చు.

ఇక లెక్క. 18.3 మీటర్లు 1:87లో 210 మి.మీ. కొత్తవాళ్లు చాలామంది ఇక్కడే తప్పు చేస్తారు. 18.3 అన్నది స్తంభం అంచు నుంచి స్తంభం అంచుకి ఉన్న ఖాళీ. గర్డర్ దానికంటే పొడవు, ఎందుకంటే రెండు చివరలా స్తంభం మీదికి ఎక్కి బేరింగ్ మీద, అంటే గర్డర్ ఆనే దిమ్మ మీద, కూర్చోవాలి. కాబట్టి గర్డర్ 228 మి.మీ. కోయండి. రెండు గర్డర్ల చివరలు పక్కపక్కన కూర్చునేందుకు స్తంభం తల 23 మి.మీ. ఉంచండి. మూడు ఖాళీలు 630, రెండు స్తంభాలు 46, మొత్తం 676. మీ 700లో మిగిలిన 24ని ఒడ్డుకి 12 చొప్పున అబట్‌మెంట్లు, అంటే ఒడ్డున వంతెన చివర ఆనే కట్టడాలు, ముందుకి జరపడానికి వాడండి. గర్డర్ ఎత్తు స్పాన్‌లో పదో వంతుకీ పన్నెండో వంతుకీ మధ్య ఉంటుంది. 19 మి.మీ. తీసుకోండి. అంతకంటే పల్చగా చేస్తే చూపుకి నమ్మకం కుదరదు. మన కంటికి లెక్క తెలియకపోయినా చిన్నప్పటి నుంచి చూసిన వంతెనల కొలత తెలుసు.

దగ్గర్లో ఉన్న అసలు వంతెన కొలతలు కావాలంటే పట్టాల మీదికి మాత్రం వెళ్లకండి. అది నేరం, అంతకు మించి ప్రాణానికి ముప్పు. కింద రోడ్డు మీదో, దూరంగా గట్టు మీదో నిలబడి, వంతెన మీద రైలు ఉండగా ఎదురుగా ఫొటో తీయండి. పాత నీలం ఐసీఎఫ్ పెట్టె పొడవు 21.3 మీటర్లు, కొత్త ఎల్‌హెచ్‌బీ పెట్టె 23.5. ఆ పెట్టే మీ స్కేలు. ఫొటోలో పెట్టె పొడవునీ గర్డర్ ఎత్తునీ కొలిచి నిష్పత్తి కట్టండి. ఎంత దూరం నుంచి తీస్తే తేడా అంత తగ్గుతుంది.

సామాను విషయంలో నా సలహా పాలీస్టైరిన్ షీటే. 1 మి.మీ., 0.5 మి.మీ., 0.25 మి.మీ. మూడు మందాలు తెప్పించుకోండి. రెడీగా వచ్చే చిన్న యాంగిళ్లూ ఛానెళ్లూ ఖరీదు, అయినా 1.5 మి.మీ. ఎల్ యాంగిల్ ఒక్కటి కొనుక్కుంటే చాలా శ్రమ తప్పుతుంది. బోర్డులు రాసేవాళ్ల దగ్గర దొరికే సన్‌బోర్డు చవకే, కానీ అది పీవీసీ నురగ, అంచులు మెత్తగా ఉంటాయి. గర్డర్‌కి వద్దు, స్తంభం లోపలి గుండెకి బాగుంటుంది. స్టైరిన్ అతికే పల్చటి ప్లాస్టిక్ సిమెంటు దాన్ని అతకదు. దానికి ఫెవిక్విక్ లాంటిది వాడాలి. ఇంకో మాట, లేజర్‌తో కోయించే ఆలోచన ఉంటే పీవీసీ షీటు ఎప్పుడూ ఇవ్వకండి. కాలినప్పుడు వచ్చే ఆవిరి ఊపిరితిత్తులకీ యంత్రానికీ విషం. పెళ్లికార్డు మందం అట్టతో కూడా అద్భుతమైన గర్డర్లు చేసినవాళ్లున్నారు. మన వానాకాలపు తేమకి అట్ట ఉబ్బుతుంది కాబట్టి ముందుగా వార్నిష్ తాగించాలి.

కోయడానికి ముందు ఒక కాగితం మీద గర్డర్ పక్క బొమ్మ అసలు సైజులో గీయండి. గీస్తున్నప్పుడు ప్రతి గీత దగ్గరా ఇది ఏ బరువు మోస్తోంది అని అడగండి. ఈ వంతెన పనంతటిలో నేను అన్నిటికంటే ముఖ్యం అనుకునేది ఇదే. రైలు బరువు గర్డర్‌ని మధ్యలో ఎక్కువగా వంచాలని చూస్తుంది. అందుకే పైనా కిందా ఉండే అంచు పలకలు, అంటే ఫ్లాంజ్ ప్లేట్లు, మధ్యకి వచ్చేకొద్దీ ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు మందం పెరుగుతాయి. అదే బరువు స్తంభం దగ్గరికి వచ్చేసరికి నిలువు పలకని, అంటే వెబ్‌ని, కోతలా లాగుతుంది. అందుకే నిలువు బద్దీలు, స్టిఫెనర్లు, చివర్లలో దగ్గర దగ్గరగానూ మధ్యలో దూరంగానూ ఉంటాయి. సరిగ్గా బేరింగ్ మీదకి వచ్చే చోట రెండేసి బద్దీలు జతగా ఉంటాయి, మొత్తం బరువు అక్కడే కిందికి దిగుతుంది కాబట్టి. స్టిఫెనర్లు సమాన దూరంలో పెట్టిన మోడల్స్ ఎన్నో చూశాను. పని శుభ్రంగా ఉంటుంది, చూపుకి కంచెలా ఉంటుంది. ఈ ఒక్క తేడాతో కంచె వంతెన అవుతుంది.

మీ గర్డర్‌కి అంకెల్లో చెబుతాను. వెబ్ 1 మి.మీ. షీటు, 228 పొడవు, 17 ఎత్తు. నిజానికి అసలు వెబ్ 10, 12 మి.మీ. మందమే, 1:87లో కాగితమంత. కానీ అంచులు ఫ్లాంజ్ కింద దాగిపోతాయి కాబట్టి ఎవరికీ తెలియదు. ఫ్లాంజ్ 4.5 మి.మీ. వెడల్పు బద్దీ, 0.5 మందం, పూర్తి పొడవు. దాని మీద 0.25 మందంలో 150 మి.మీ. పలక ఒకటి, ఆ మీద 90 మి.మీ. పలక ఇంకొకటి, రెండూ మధ్యకి. కిందా అంతే. అన్నీ కలిపితే మధ్యలో 19 వస్తుంది. స్టిఫెనర్లు 1 మి.మీ. బయటికి పొడుచుకొచ్చే సన్న బద్దీలు. చివర్లలో 9 మి.మీ. దూరంతో మొదలుపెట్టి మధ్యలో 16 దాకా పెంచండి. మూడు స్పాన్లకి ఆరు గర్డర్లు కావాలి. ఆరు వెబ్‌లనీ ఒకే పట్టీలోంచి, ఒకే అడ్డు ఆపు పెట్టి కోయండి. ప్రతిసారీ స్కేలుతో కొలిచి కోస్తే ఆరూ ఆరు రకాలుగా వస్తాయి. స్టైరిన్‌ని పూర్తిగా తెగే దాకా కోయక్కర్లేదు. కట్టర్‌తో రెండు మూడుసార్లు గీత గీసి వంచితే గాజులా విరుగుతుంది.

రివెట్లు. మీది ఆవిరి ఇంజన్ల కాలపు వంతెన అయితే ఇవి తప్పవు. కొత్త కాలపు గర్డర్లు వెల్డింగ్‌వి, రివెట్లు అక్కర్లేదు. రివెట్ వరస ఆ కాలంలో దాదాపు 100 మి.మీ. దూరంలో ఉండేది, మోడల్‌లో అది 1.15 మి.మీ. తల వెడల్పు మోడల్‌లో 0.4. దర్జీల ట్రేసింగ్ చక్రం వాడమని కొందరంటారు, దాని పళ్లు మరీ ఎడం. పాత అలారం గడియారం లోపలి పళ్లచక్రం ఒకటి సంపాదించండి. గడియారాలు బాగుచేసే అతన్ని అడిగితే పనికిరాని చక్రాలు గుప్పెడు ఇస్తాడు. పళ్ల దూరం 1.1, 1.2 మధ్య ఉన్నది ఎంచుకుని, సూది ఇరుసుగా వేసి పిడికి బిగించండి. 0.25 షీటుని బోర్లా, అంటే వెనక వైపు పైకి వచ్చేలా, పాత చెప్పు అట్ట లాంటి గట్టి రబ్బరు మీద పెట్టి, ఉక్కు స్కేలు ఆనించి, ఒక్క నొక్కుతో ఒక్కసారి నడపండి. రెండోసారి నడిపితే గుర్తులు తప్పుతాయి. కావలసిన దానికి రెట్టింపు పొడవు వరసలు వేసి, బాగా వచ్చిన ముక్కలు మాత్రమే కోసుకోండి. ఈ పని ఒక్క రోజున తొందరపడి చేయకండి. చెయ్యి అలిసిందంటే వరస వంకర పోతుంది, ఆ వంకర రంగు వేశాక ఇంకా బాగా కనపడుతుంది.

ఇప్పుడు మెలి సంగతి. చాలా ఏళ్ల క్రితం నా రెండో వంతెనలో రివెట్ షీటుని వెబ్‌కి బయట వైపు మాత్రమే అతికించాను, లోపలి వైపు ఎవరు చూస్తారులే అని. నెల తిరిగేసరికి నాలుగు గర్డర్లూ విల్లులా వంగాయి. ప్లాస్టిక్ సిమెంటు అతికిన పొరని కరిగించి, ఆరుతూ ముడుచుకుంటుంది. ఒక్క వైపే పొర ఉంటే ఆ లాగుడికి ఎదురు లాగేది ఉండదు. అందుకని బయట ఏం అతికిస్తే లోపల కూడా అంతే మందం అతికించండి, రివెట్లు లేకపోయినా పర్వాలేదు. సిమెంటు తక్కువ రాయండి, రెండు షీట్ల మధ్య మడుగు కట్టనివ్వకండి. అతికాక రెండు గాజు పలకల మధ్య, లేదా వంటింటి గ్రానైట్ గట్టు మీద, బరువు పెట్టి రెండు రోజులు వదిలేయండి. కిటికీ తెరిచి పని చేయండి, ఆ ఆవిరి తలకెక్కుతుంది.

గర్డర్లు జతపరిచేటప్పుడు మధ్య దూరం 21 మి.మీ. ఉంచండి. పట్టాలు 16.5 గేజి కాబట్టి గర్డర్ మీదకే దాదాపుగా బరువు దిగుతుంది, అసలులాగే. మన బ్రాడ్ గేజి 1676 మి.మీ. అంటే 1:87లో 19.3 రావాలి. కానీ దొరికే పట్టాలూ చక్రాలూ 16.5వే కాబట్టి ఆ రాజీ అందరం పడుతున్నదే. పైనా కిందా అడ్డంగా వాలు బద్దీలు, ప్రతి 45, 50 మి.మీ.కి ఒక గుణకారపు గుర్తు చట్రం వేయండి. వంతెనకి నిలువు బలం ఇచ్చేది గర్డరే అయినా, పక్కకి ఒరగకుండా మెలి తిరగకుండా పట్టుకునేవి ఈ చట్రాలే. మోడల్‌లో కూడా ఇవి వేశాకే చేతిలో వంతెన గట్టిపడినట్టు తెలుస్తుంది. ఒక్కో చట్రం అతికించినప్పుడల్లా మూలమట్టం పెట్టి చూడండి.

మీ వాగు మీద లైను వంపులో ఉందో లేదో రాయలేదు. ఉంటే ఒక్క మాట వినండి: గర్డర్‌ని ఎప్పుడూ వంచకండి. అసలు వంతెనల్లో గర్డర్లు తిన్నగానే ఉంటాయి, వాటి మీద పట్టాలు వంపు తిరుగుతాయి. 600 మి.మీ. రేడియస్ మీద 228 మి.మీ. గర్డర్ వేస్తే మధ్యలో పట్టా గర్డర్ నుంచి దాదాపు 11 మి.మీ. పక్కకి పోతుంది. సగం సగం పంచినా పట్టా గర్డర్ అవతలికి వెళ్లి స్లీపర్ కొస మీద వేలాడుతుంది. అదే 12.2 మీటర్ల స్పాన్‌కి గర్డర్ 155 మి.మీ. అయితే తేడా 5 మాత్రమే, పంచుకుంటే అటు ఇటు రెండున్నర. అప్పుడు పట్టా గర్డర్ అవతలికి పోదు. కాబట్టి వంపు ఉంటే మూడు పెద్ద స్పాన్లు వదిలి నాలుగు చిన్నవి కట్టండి.

స్తంభాలకి సన్‌బోర్డు గుండె, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పూత, పూత పూర్తిగా ఆరకముందే సూదితో రాతి వరసలు గీయడం. కిందికి వెళ్లేకొద్దీ కొంచెం వెడల్పవాలి, పన్నెండుకి ఒకటో ఇరవైనాలుగుకి ఒకటో చొప్పున. నీరు వచ్చే వైపు పడవ ముక్కులాంటి కొన తప్పనిసరి. స్తంభాన్ని కావాలనే 2 మి.మీ. పొట్టిగా చేయండి. పైన పల్చటి ముక్కలు పేర్చి ఎత్తు సరిచేయడం తేలిక, ప్లాస్టర్ అరగదీయడం నరకం.

బేరింగ్ దగ్గర అసలు వంతెన చేసినట్టే చేయండి, కారణం కూడా అదే. ప్రతి గర్డర్‌కీ ఒక చివర కదలకుండా, ఇంకో చివర జారేలా ఉంటుంది, ఎండకి ఉక్కు సాగితే స్తంభాన్ని తోయకుండా. స్టైరిన్ మీ పట్టా లోహం కంటే దాదాపు నాలుగు రెట్లు ఎక్కువ సాగుతుంది. మన ఊళ్లలో చలికాలం తెల్లవారుజాముకీ వేసవి మిట్టమధ్యాహ్నానికీ మేడ మీది గదిలో 25 డిగ్రీల తేడా వింతేమీ కాదు. 228 మి.మీ. గర్డర్ దానికి 0.4 మి.మీ. సాగుతుంది. మూడు స్పాన్లూ రెండు వైపులా అతికించేస్తే ఆ సాగుడంతా ఎక్కడో ఒకచోట వాపుగా పైకి లేస్తుంది. ఒక చివర సన్న పిన్నుతో గుచ్చి, రెండో చివరని ఊరకే ఆనించి వదలండి. అంటించవద్దు. పట్టాని కూడా స్లీపర్లకే అతికించి, స్లీపర్లని ఒక్కో స్పాన్‌కి రెండు మూడు చోట్ల మాత్రమే గర్డర్‌కి పట్టించండి.

వంతెన మీద కంకర ఉండదు, స్లీపర్లు మామూలు వాటి కంటే పొడవు, దళసరి, దగ్గర దగ్గర. మామూలు ఫ్లెక్సీ ట్రాక్ (స్లీపర్లతో సహా రెడీగా దొరికే, వంచగల పట్టా) ముక్క తెచ్చి గర్డర్ మీద పడుకోబెడితే చేసిన పనంతా వృథా. గార్డ్ రెయిల్ మర్చిపోవద్దు. పట్టా లోపలి వైపు 3 మి.మీ. దూరంలో ఇంకో జత పట్టాలు, వంతెన దాటాక రెండూ మధ్యకి వంగి కలుస్తాయి. చక్రం పట్టా తప్పినా పెట్టె వాగులో పడకుండా పట్టుకునేది అదే. వీటికి అసలు పట్టా కంటే తక్కువ ఎత్తు రెయిల్ వాడండి, లేకపోతే ఇంజను అడుగున తగులుతుంది. అబట్‌మెంట్ దగ్గర పట్టా అతుకు రాకుండా చూడండి. రైల్వే కూడా అబట్‌మెంట్‌కి మూడు మీటర్ల లోపు అతుకు పెట్టదు. మీకు అది 35 మి.మీ. అక్కడ అతుకు ఉంటే ప్రతి చక్రం తడబడి, నేల కొంచెం దిగితే పట్టాలు మెట్టు కడతాయి.

రంగు: మన గర్డర్ వంతెనలు సాధారణంగా నల్లగానో ఎర్రగానో ఉండవు. రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద అల్యూమినియం పెయింటు వేస్తారు. అందుకే ఎండలో వెండి బూడిద రంగులో మెరుస్తాయి. డబ్బా వెండి స్ప్రే మోడల్ మీద మరీ తళతళలాడుతుంది. ముందు రెడ్ ఆక్సైడ్, ఆ పైన వెండి పల్చగా, చివర మ్యాట్ వార్నిష్. స్టిఫెనర్ అడుగున, బేరింగ్ చుట్టూ తుప్పు చారలు, పైన ఫ్లాంజ్ మీద బ్రేకు ధూళి గోధుమ రంగు. బయో టాయిలెట్లు రాకముందు కాలం చూపిస్తుంటే స్లీపర్ల కిందా ఫ్లాంజ్ మీదా తుప్పు ఇంకా ఎక్కువ ఉండాలి. పెట్టెల నుంచి పడే మురుగే గర్డర్లకి పెద్ద శత్రువుగా ఉండేది. స్తంభం మీద వరద నీటి మట్టం గీత, ప్రమాద మట్టం ఎర్ర పట్టీ, అబట్‌మెంట్ మీద వంతెన నంబరు రాయండి. ఇంత చిన్న అక్షరాలు చేత్తో రావు, ముద్రించి అతికించండి.

ముందు ఒక్క గర్డర్ జత పూర్తి చేసి, రంగు వేయకుండానే పక్క నుంచి ఒకటీ పై నుంచి ఒకటీ ఫొటోలు పంపండి. లైనుకి వంపు ఉందో లేదో, ఉంటే రేడియస్ ఎంతో కూడా రాయండి. మిగతా రెండు జతలు కోసేలోపే స్టిఫెనర్ల దూరాలు చూసి చెబుతాను.